సికిల్ సెల్ జబ్బు: పసిబిడ్డల నెత్తురు దాచుకున్న కథ

ఇప్పటిదాకా ఇక్కడ మన వలసల గురించి, మన బళ్ళ గురించి, గుడుల గురించి రాసుకున్నాం. ఈసారి నెత్తురు గురించి రాస్తున్నాం. దానికి కారణం ఉంది. రాయగడ, గుణుపురం, జయపురం వైపు మనవాళ్ళ ఇళ్ళలో సికిల్ సెల్ మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. కానీ పిల్లల సంబంధాలు చెడిపోతాయన్న భయంతో గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఆ జబ్బు చరిత్ర తెలిస్తే ఈ గుసగుసలు కొంతైనా తగ్గుతాయని మా ఆశ.

ఈ జబ్బును వైద్య పత్రికలో మొదట వర్ణించింది 1910లో, చికాగోలో. గ్రెనడా ద్వీపం నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చిన ఒక యువకుడి ఎర్ర కణాలు కొడవలిలా వంగి ఉన్నాయని డాక్టర్ జేమ్స్ హెరిక్ రాశారు. లోపం హిమోగ్లోబిన్‌లోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపింది. తర్వాత కొన్నేళ్ళకే, ఆ ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిందని వెర్నన్ ఇంగ్రామ్ తేల్చారు. మన దేశంలో 1952లోనే రెండు చోట్ల దీన్ని గుర్తించారు: నీలగిరి కొండల గిరిజనుల్లో ఒకటి, అస్సాం తేయాకు తోటల కూలీల్లో ఇంకొకటి.

ఇదంతా చాలామంది రాసిన కథే. మేము చెప్పాలనుకున్నది దీని పక్కనే నడిచిన మరో కథ.

1948లో బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు ఒక వింత గమనించారు. సికిల్ లోపంతో పుట్టిన పసిబిడ్డల నెత్తుట్లో కొడవలి కణాలు చాలా తక్కువ. నెలలు గడిచేకొద్దీ అవి పెరుగుతున్నాయి. పుట్టుకతో వచ్చిన లోపమే కదా, మరి మొదటి నెలల్లో ఎందుకు ఊరుకుంది? ఆమె ఊహ సరైనదే. కడుపులో ఉన్న బిడ్డ వాడుకునే హిమోగ్లోబిన్ వేరు. అందులో బీటా గొలుసు ఉండదు, గామా గొలుసు ఉంటుంది. సికిల్ లోపం ఉన్నది బీటాలో. పుట్టాక గామా నెమ్మదిగా తగ్గిపోయి, దాని స్థానంలోకి బీటా వస్తుంది. జబ్బు అప్పుడు బయటపడుతుంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. పెద్దయ్యాక గామా జన్యువు ఎక్కడికీ పోదు, మన మూలుగలోని కణాల్లో చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని చదవడం ఆపేస్తారంతే. కాలేయ కణమైనా, మెదడు కణమైనా, ఎర్ర కణంగా మారబోయే కణమైనా అన్నిటికీ ఇంచుమించు ఒకే జన్యువుల మూట. ఏ కణం ఏ ముడి విప్పుతుంది, ఏది కట్టేసి ఉంచుతుంది అన్నదానిమీదే అది ఏ కణమవుతుందో ఆధారపడుతుంది. కాబట్టి డాక్టర్ల ముందున్న ప్రశ్న మారింది. పాడైన జన్యువును బాగుచేయలేకపోతే, మూసిపెట్టిన మంచి జన్యువును మళ్ళీ తెరవగలమా?

తెరవచ్చని ప్రకృతే చెప్పింది, అదీ మన పొరుగున. సంబల్‌పూర్ దగ్గరి బుర్లా వైద్య కళాశాలలో డాక్టర్ బి.సి. కర్, జమైకాలో పనిచేసే గ్రాహం సర్జెంట్ తదితరులతో కలిసి ఒడిశా రోగులను జమైకా రోగులతో పోల్చి, 1986లో ఆ వివరాలు ప్రచురించారు. మన ఒడిశా రోగుల్లో పసి హిమోగ్లోబిన్ ఎక్కువ మిగిలి ఉంది. సౌదీ తూర్పు ప్రాంతంలోనూ అంతకుముందే ఇలాంటిది కనిపించింది. అందుకే ఈ రెండుచోట్ల లోపాన్నీ కలిపి అరబ్-ఇండియన్ రకం అంటారు. ఆఫ్రికాలో పుట్టిన లోపమూ ఇదీ వేర్వేరా, ఒకటేనా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. మన దగ్గర జబ్బు తేలికంటూ కొందరు నిశ్చింతగా ఉంటారు. అది సగం నిజమే. ఎముకలు పిండేసే నొప్పులు ఇక్కడి పిల్లలకూ వస్తాయి.

మందుల వైపు చూస్తే, 1982లో ఒక క్యాన్సర్ మందుతో బబూన్ కోతుల్లో, తర్వాత మనుషుల్లో పసి హిమోగ్లోబిన్ పెంచగలిగారు. దాని తర్వాత వచ్చిందే హైడ్రాక్సీయూరియా. 299 మంది పెద్దవాళ్ళ మీద జరిపిన పరీక్ష ఫలితం 1995లో వచ్చింది: తీవ్రమైన నొప్పులు సుమారు సగానికి తగ్గాయి.

అయితే గామాకు తాళం వేస్తున్నది ఎవరు? 2007, 2008లో వేలమంది జన్యువులు పోల్చిన పరిశోధనలు బీసీఎల్11ఏ అనే జన్యువును చూపించాయి. బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్ ప్రయోగశాలలో విజయ్ శంకరన్ ప్రభృతులు తాళం వేసేది అదేనని 2008లో రుజువు చేశారు. దాన్ని తీసేస్తే సరి అనిపిస్తుంది. కానీ అదే జన్యువు మెదడుకు, రోగాలతో పోరాడే తెల్ల కణాలకు కూడా కావాలి. ఒకచోట దొంగ, ఇంకోచోట కాపలాదారు. 2013లో అదే బృందం అసలు కీలకం పట్టుకుంది. ఆ జన్యువు లోపలే ఒక చిన్న మీట ఉంది. అది ఎర్ర కణాల వరుసలోనే పనిచేస్తుంది. ఆ మీట ఒక్కటి చెడగొడితే మెదడు జోలికి పోకుండా గామా తెరుచుకుంటుంది. మా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో గొప్ప ఘట్టం ఇదే.

పదేళ్ళకు అది చికిత్స అయింది. రోగి మూలకణాలు బయటకు తీసి, క్రిస్పర్‌తో ఆ మీటను కోసి, తిరిగి ఎక్కించే కాస్‌జెవీకి 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. తగినంత కాలం గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాదిపాటు తీవ్రమైన నొప్పులు రాలేదు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. పైగా ముందు గట్టి కీమోథెరపీ తప్పదు.

అది మనకు అందేదాకా చేతిలో ఉన్నది హైడ్రాక్సీయూరియా మాత్రే. పొట్లం మీద క్యాన్సర్ మందు అని చూసి మానేసినవాళ్ళు మనలో ఉన్నారు. ఇది కూడా, వేరే దారిలో, అదే గామాను తెరవడానికి ఇస్తున్న మందు. డాక్టరు చెప్పినట్టు రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్ళు, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా, ముందే చెప్పాలి.

పెళ్ళిళ్ళ సంగతి: ఒక్కరిలోనే లోపం ఉంటే, అదీ ఒక్క కాపీయే అయితే, పిల్లలకు సికిల్ జబ్బు రాదు. ఇద్దరిలోనూ ఒక్కో కాపీ ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. అవతలివారిలో తలసీమియా లక్షణం ఉన్నా ఇబ్బందే కాబట్టి ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలి.

2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్ళలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. చంటిబిడ్డలున్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆరు నెలల లోపు బిడ్డకు చౌకగా చేసే సాల్యుబిలిటీ పరీక్షలో ఏమీ లేదని వస్తే నమ్మకండి. బిడ్డను కాపాడుతున్న ఆ పసి హిమోగ్లోబినే పరీక్షను కూడా మోసం చేస్తుంది. హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అడగండి.