ఫిగర్ స్కేటింగ్ ఛాంపియన్‌షిప్‌లలో దేశాల ఎంట్రీలు

ఫిగర్ స్కేటింగ్ మంచుగడ్డ పరచిన మైదానంపై సంగీతానికి అనుగుణంగా చేసే క్రీడ. దీనిని 1892లో ఏర్పడిన అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య (ఐ.ఎస్.యు.) నిర్వహిస్తుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల, మహిళల, జంటల, ఐస్ డాన్స్ అనే నాలుగు విభాగాలున్నాయి. నిర్ణీత కనీస సాంకేతిక స్కోరు సాధించిన క్రీడాకారులుంటే ప్రతి సభ్యదేశం ఒక్కొక్క విభాగంలో ఒక ఎంట్రీ పంపవచ్చును. రెండవ, మూడవ ఎంట్రీలను మాత్రం అంతకుముందు సంవత్సరపు ఫలితాల ద్వారా సంపాదించుకోవాలి. ఏ దేశానికైనా గరిష్ఠంగా మూడు ఎంట్రీలే లభిస్తాయి.

పాయింట్ల పద్ధతి

క్రీడాకారుడు పొందిన స్థానమే అతని పాయింట్ల సంఖ్య. కనుక పాయింట్లు ఎంత తక్కువైతే అంత మేలు. వ్యక్తిగత విభాగాలలో షార్ట్ ప్రోగ్రామ్ తరువాత మొదటి 24 మంది మాత్రమే ఫ్రీ స్కేటింగ్‌కు చేరుకుంటారు. అలా చేరి 16వ స్థానం కంటే వెనుకబడినవారికి 16 పాయింట్లు, చేరలేనివారికి 18 పాయింట్లు లెక్కిస్తారు.

ఒకే ఎంట్రీ పంపిన దేశానికి: 1 లేదా 2వ స్థానం వస్తే మరుసటి సంవత్సరం మూడు ఎంట్రీలు, 3 నుండి 10 వరకు వస్తే రెండు ఎంట్రీలు.
రెండు లేదా మూడు ఎంట్రీలు పంపిన దేశానికి: మెరుగైన ఇద్దరి పాయింట్ల మొత్తం 13కు మించకపోతే మూడు, 28కి మించకపోతే రెండు ఎంట్రీలు.

ఈ లెక్కలో ఒక విశేషమున్నది. ఒక్కరినే పంపి మొదటి స్థానం గెలిచిన దేశానికి మూడు ఎంట్రీలు వస్తాయి. ఇద్దరిని పంపిన దేశంలో ఒకరు గెలిచి, మరొకరు ఫ్రీ స్కేటింగ్‌కు చేరలేకపోతే మొత్తం 19 అవుతుంది. అప్పుడు రెండు ఎంట్రీలే వస్తాయి. విజేత ఉన్నప్పటికీ రెండవ వ్యక్తి 12వ స్థానంలోపు నిలవాలన్నమాట.

ఒలింపిక్స్

శీతాకాల ఒలింపిక్ క్రీడలకు ముందు సంవత్సరపు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనే అధికభాగం స్థానాలు నిర్ణయమవుతాయి. మిగిలినవాటికి మరొక అర్హత పోటీ జరుగుతుంది. 2018, 2022 ఒలింపిక్స్‌కు ఇది జర్మనీలోని ఓబర్స్‌డార్ఫ్‌లో జరిగే నెబెల్‌హార్న్ ట్రోఫీ కాగా, 2026 ఒలింపిక్స్‌కు 2025 సెప్టెంబరులో బీజింగ్‌లో నిర్వహించారు.

2022 ఒలింపిక్స్‌కు పాయింట్లు చాలినా, అంతమంది క్రీడాకారులు ఫ్రీ స్కేటింగ్‌కు చేరనిచో మిగిలిన స్థానాన్ని ఈ పోటీలో గెలుచుకోవలసి వచ్చింది. 2021 స్టాక్‌హోమ్ పోటీలలో అమెరికాకు చెందిన నేథన్ చెన్ 1వ, జేసన్ బ్రౌన్ 7వ స్థానాలలో నిలిచారు. మొత్తం 8 పాయింట్లే అయినా మూడవ క్రీడాకారుడు విన్సెంట్ జౌ ఫ్రీ స్కేటింగ్‌కు చేరలేదు. అదే సంవత్సరం నెబెల్‌హార్న్ ట్రోఫీ గెలిచి ఆయనే ఆ మూడవ స్థానాన్ని సంపాదించాడు. మహిళలలో అలీసా లియు కూడా అక్కడ గెలిచి తన దేశానికి మూడవ స్థానం తెచ్చింది.

ఉదాహరణలు

దక్షిణ కొరియా: 2013లో కెనడాలోని లండన్ నగరంలో మహిళల విభాగంలో కొరియా తరఫున కిమ్ యూనా ఒక్కతే పాల్గొని గెలిచింది. ఫలితంగా 2014 సోచి ఒలింపిక్స్‌లో ఆమెతో పాటు కిమ్ హే జిన్, పార్క్ సో యూన్‌లకు కూడా అవకాశం దక్కింది.

రష్యా: 2013లో మాక్సిమ్ కోవ్టున్ 17వ స్థానంలో నిలవడంతో సోచిలో ఆతిథ్య దేశానికి పురుషుల విభాగంలో ఒక్క స్థానమే మిగిలింది. దానికి ఎంపికైన యెవ్‌గెనీ ప్లుషెంకో జట్టు పోటీలో స్వర్ణం గెలిచినా, గాయం వల్ల వ్యక్తిగత పోటీ నుండి తప్పుకున్నాడు. రష్యా తరఫున ఆ విభాగంలో ఎవరూ పాల్గొనలేదు.

జపాన్: 2017 హెల్సింకి పోటీలకు సతోకో మియహరా గాయం వల్ల దూరమైంది. మై మిహరా 5వ, వకాబా హిగుచి 11వ స్థానాలు పొందగా మొత్తం 16 పాయింట్లయ్యాయి. 2018 ఒలింపిక్స్‌కు రెండు స్థానాలే వచ్చాయి.

ఎంపిక

ఎంట్రీ దేశానికి చెందుతుంది, సంపాదించిన క్రీడాకారునికి కాదు. ఎవరిని పంపాలో జాతీయ సమాఖ్య నిర్ణయిస్తుంది. పైన చెప్పిన జపాన్ స్థానాలకు మియహరా, కావోరి సకమోతో ఎంపికయ్యారు. ఆ స్థానాలు తెచ్చిన మిహరా, హిగుచిలకు ఒలింపిక్స్‌లో చోటు దొరకలేదు. అయితే హిగుచి 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజత పతకం గెలుచుకుంది.

ఇతర పోటీలు

ఐరోపా, ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్‌లలోనూ ఇటువంటి పాయింట్ల పద్ధతే ఉన్నది. ఐరోపాయేతర దేశాల కొరకు జరిగే నాలుగు ఖండాల ఛాంపియన్‌షిప్‌లో మాత్రం ముందు ఫలితాలతో సంబంధం లేకుండా ప్రతి దేశం ముగ్గురి వరకు పంపవచ్చును.