గోథిక్ నవల

గోథిక్ నవల 18వ శతాబ్దం ఉత్తరార్ధంలో ఇంగ్లండులో పుట్టిన, భయానక రసం ప్రధానమైన నవలా ప్రక్రియ. హొరేస్ వాల్పోల్ రచన ‘ది క్యాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ (1764 డిసెంబరు) దీనికి ఆద్యం. 1529లో నేపుల్స్‌లో అచ్చయిన ఇటాలియన్ గ్రంథానికి అనువాదమంటూ వాల్పోల్ దాన్ని మారుపేరుతో వెలువరించాడు. 1765 నాటి రెండో ముద్రణలో కర్తృత్వం ఒప్పుకొని, ‘గోథిక్ కథ’ అనే ఉపశీర్షిక చేర్చాడు.

పాడుబడిన కోట, సొరంగాలు, అన్యాక్రాంతమైన వారసత్వం, పూర్వికుల పాపం, చెరలో చిక్కిన యువతి ఈ నవలల్లో తరచుగా కనిపిస్తాయి. అతీత ఘటనల విషయంలో రచయితలది ఒకే దారి కాదు. ఆన్ రాడ్‌క్లిఫ్ ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’ (1794)లో వాటికి చివరకు లౌకిక కారణాలు చూపింది. మాథ్యూ లూయిస్ ‘ది మంక్’ (1796)లో పిశాచాన్ని నిజంగానే రంగం మీదికి తెచ్చాడు.

తెలుగులో దీనికి సూటి వారసత్వం లేదు. దగ్గరి పోలిక 1980ల నాటి క్షుద్ర నవల. ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ అందులో ప్రసిద్ధం. కోట స్థానంలో ఇందులో మధ్యతరగతి ఇల్లు ఉంటుంది. ఆస్తి మీద ఆశ, పసిపిల్లపై చేతబడి కథను నడుపుతాయి. మంత్రగాళ్లకు సమాంతరంగా వైద్యులు, హిప్నాటిజం ప్రవేశించడం రాడ్‌క్లిఫ్ పద్ధతిని తలపిస్తుంది. దీని కొనసాగింపు ‘తులసి’ ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ చలనచిత్రం వచ్చింది.