పాటిదిబ్బయు బడిపంతులును

కృష్ణానది సముద్రమును జేరు సీమలో రాయి పుట్టదు. బందరు మొదలు గుడివాడవఱకును, దివిసీమ కొసవఱకును ఏటి ఒండ్రుమట్టియే భూమి. ఇట్టి నేలలో ఇటుకయు పాలరాయియు గుట్టగా గనబడినచో, అది మనుష్యులు దెచ్చి పేర్చినదేకాని ప్రకృతి కల్పించినది కాదు. ఈ చిన్న సంగతి మన బడులలో ముందే చెప్పబడియుండినచో ఆంధ్రదేశ చరిత్రలో కొన్ని పుటలు చిరుగక నిలిచియుండెడివి.

తెలియమివలన గలిగిన నష్టమును జూడుడు. గుడివాడ నడుమ నొక బౌద్ధస్తూప ముండెను. 19వ శతాబ్దమున బాటలు వేయుటకై దానిని త్రవ్వి ఇటుకలు గొనిపోయిరి. ఊరికి పడమటనున్న పాత గ్రామస్థలమున శాతవాహనుల నాణెములు విరివిగా దొరకినవి. ఏటి ఆవలి యొడ్డున భట్టిప్రోలు స్తూపపు రాళ్లు కాలువ లాకు కట్టడములో గలిసిపోయినవి. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండరు రీ పరీక్షింపగా ధాతువులుంచిన బరిణెలును, మిక్కిలి ప్రాచీనమైన బ్రాహ్మీలిపిలో శాసనములును బయల్పడినవి. అంతకుముందే లాకులో జేరిన రాళ్లమీద ఏమి యుండెనో చెప్పగలవా రెవరు? ఆ మహాస్తూపమునకు జనులు పెట్టిన పేరు లంజదిబ్బ. పూర్వులు పూజించినదానికి తిట్టుపేరు మిగులుటకంటె మఱపునకు వేఱొక నిదర్శన మేల?

దీనికి బాటలు వేయించినవారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. పాటిమన్ను చేనికి సత్తువ యని బండ్ల కెత్తుకొనిపోయినవారు మన రైతులే. వారికి దురుద్దేశము లేదు, చెప్పువారు లేరు. 1894లో రీ భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపములను గుఱించి గ్రంథము ప్రకటించెను. అది ఇంగ్లీషున నుండెను. పండితులకు జేరినది, దిబ్బప్రక్కన కాపురమున్నవానికి జేరలేదు.

ప్రాచీనశిల్పములను ప్రజల కన్నులయెదుట నిలుపుట బందరున అంతకు బహుకాలము పూర్వమే జరిగినది. 19వ శతాబ్ది పూర్వార్ధమున రాబర్ట్‌సన్ అను అధికారి అమరావతి ఫలకములను ముప్పదికి పైగా దెప్పించి, నేటికిని అతని పేరనే పిలువబడు పేటలో, అంగడిచోట నొక కట్టడమునకు అలంకారముగా నిలిపెను. 1835లో బెంజా అను వైద్యుడు వానిని జూచి వర్ణించెను. పిదప ఆ రాళ్లు చెన్నపట్టణమునకు దరలినవి. పేట పేరు మాత్రము నిలిచినది. అర్థము చెప్పువారు లేక అలంకారముగా నిలిపిన శిల్పమును కన్ను చూచును గాని బుద్ధి గ్రహింపదు. మఱియు తన చోటునుండి పెకలింపబడిన రాయి సగము కథను అచ్చటనే విడిచి వచ్చును. చూపుట వేఱు, తెలుపుట వేఱు.

తెలిసిన కన్ను ఒక్కటి యున్నచో ఏమగునో పల్నాటిసీమ చెప్పుచున్నది. 1926లో సూరపరాజు వేంకటరామయ్య అను బడిపంతులు నాగార్జునకొండకడ ప్రాచీనస్తంభ మొకటి గాంచి ప్రభుత్వమువారికి దెలిపెను. శాసనపరిశోధకులు వచ్చిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు త్రవ్వకములు జరిపెను. అచట దొరకిన శాసనములలో నొకటి బోధిశ్రీ యను ఉపాసికది. ఆమె తాను జేసిన ధర్మకార్యములను పేర్కొనుచు, కంటకసెలలోని మహాచైత్యపు తూర్పువాకిట రాతిమండపము గట్టించితి నని చెప్పినది. క్రీ. శ. 2వ శతాబ్దమున టాలెమీ పేర్కొనిన కొంటకోస్సిల యను వర్తకస్థానము ఇదియే యనియు, మన ఘంటసాలయే యనియు పండితులు గుర్తించిరి. ఆ నాగార్జునకొండ లోయ, 1955లో బ్రారంభమైన ఆనకట్టవలన, పిదప నీట మునిగినది. ఆ పంతులు చూచియు ఊరకుండినచో ఘంటసాలకు ఈ సాక్ష్యము దక్కియుండెడిదో లేదో!

ఉపాధ్యాయులారా! మీకు బోధనభారము చాలదా యని యడుగవచ్చును. ఇది క్రొత్త భారము కాదు. ఉన్న పాఠమునకే ఊరి సాక్ష్యము. ఘంటసాల శిల్పములు కొన్ని పారిసు నగరమున గీమే ప్రదర్శనశాలలో నున్నవి. వానిని మన పిల్లలు చూడలేకపోవచ్చును. కాని స్తూపపు అడుగుకట్టు ఇచ్చటనే యున్నది. నడిమి కట్టడమునుండి అంచువఱకు బండిచక్రపు ఆకులవలె ఇటుకగోడలు కట్టి, నడుమ మన్ను నింపిరి. తక్కువ ఇటుకతో పెనుగుమ్మటమును మోయించు ఈ యుపాయము, బండి నెఱిగిన పల్లెబాలునకు ఒక్కమాటలో దెలియును.

ఊరిలోని దిబ్బ పేరు, దానిని గుఱించి వృద్ధులు చెప్పు కథ, పొలపు నంబరు, పైకి గానవచ్చు ఇటుక పొడవు వెడల్పులు పిల్లలచేత వ్రాయింపుడు. త్రవ్వవలదు, దొరకినది ఇంటికి గొనిపోవలదు. వస్తువు ఏ పొరలో, దేని సరసన నున్నదో అదియే దాని వయస్సునకు సాక్ష్యము. చోటు తప్పిన వెనుక బంగారమైనను మూగది. పదిరూపాయలకు మించిన నిధి భూమిలో దొరకినచో కలెక్టరున కెఱిగింపవలె నని 1878 నాటి చట్టము శాసించుచున్నది. చట్టము దొరకినవానిని మాత్రమే కట్టగలదు. దొరకినదేదో యెఱుగు కన్నును ఇచ్చునది బడియే. పాటిమన్ను బండి కెత్తు రైతు, పలుగునకు దగిలిన పెద్దయిటుకను జూచి చేయి నిలిపి, కుమారుని పిలిచి ఇదేమని యడుగు నాడు మన చరిత్రకు గావలి దొరకినట్లే.