ఉల్టా తిప్పిన టేపు

వేలు ఎప్పుడు కదపాలో ఎవరూ చెప్పలేదు. గంట కొట్టలేదు, లైటు వెలిగించలేదు. నీ మర్జీ, తోచినప్పుడు కదుపు అన్నారు. 1964లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో డాక్టర్ కోర్న్‌హూబర్, ఆయన షాగిర్ద్ డీకె చేసిన తజ్రుబా ఇది.

అప్పటిదాకా దిమాగ్ పరిశోధకుల ఆదత్ ఒకటే: ఏదో చూపించి, వినిపించి, తర్వాత ఏమవుతుందో చూడడం. ఇన్సాన్ తనంతట తాను చేసే పని అట్లా కాదు. ఎప్పుడు చేస్తాడో తెలియదు. తెలిసేసరికి దానికి ముందు దిమాగ్‌లో జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. పైగా తలకు అంటించిన తీగల్లో వచ్చే ఆ సంకేతం మహా కమ్‌జోర్. ఎన్నోసార్లు తీసి సగటు కడితే తప్ప మిగతా షోర్‌లోంచి బయటపడదు. ఆనాటి కంప్యూటరేమో ఒక గుర్తు నుంచి ముందుకే లెక్క కట్టేది.

వీళ్లు టేపును ఉల్టా తిప్పారు. అంతే! ముందు జరిగింది తర్వాతకొచ్చింది. వేలు కదలడానికి సెకనుకు పైగా ముందే ఒక సంకేతం మెల్లగా పెరుగుతూ కనిపించింది.

1983లో బెంజమిన్ లిబెట్ ఇంకో సవాల్ కలిపాడు: కదపాలన్న ఇరాదా నీకెప్పుడు తెలిసింది? గడియారంలా తిరిగే చుక్కను చూసి చెప్పమన్నాడు. కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందన్నారు. సంకేతం మాత్రం 550 ముందే మొదలైంది. ఇక హంగామా! దిమాగే ఫైసలా చేసి మనకు తర్వాత ఖబర్ పంపుతోందా? ఇది చెబితే మా అమ్మీ, "అట్లయితే దొంగకు సజా ఎందుకు బేటా?" అంది. పెద్ద పెద్ద ఆలిమ్‌లు అడిగిందీ అదే.

2008లో జాన్-డిలన్ హేన్స్ బృందం స్కాన్లు చూసి, కుడి బటనా ఎడమ బటనా అన్నది కొన్ని సెకన్ల ముందే పసిగట్టామంది. అయితే నూటికి 60 సార్లే. నాణెం ఎగరేసినా 50 వస్తాయి.

అసలు చిక్కు ఆ ఉల్టా తిప్పడంలోనే ఉందని 2012లో ఆరన్ షర్గర్, ఆయన సాథీలు అన్నారు. మన చెరువు మత్తడి దుంకిన రోజులే ఏరి, అక్కడి నుంచి వెనక్కి చూడండి. ప్రతిసారీ నీళ్లు పెరుగుతూ వచ్చినట్టే ఉంటుంది. మత్తడి దాకా వచ్చి దుంకకుండా తగ్గిన రోజులో? అవి లెక్కలోకే రావు. దిమాగ్‌లోనూ అలలు ఊరికే లేస్తూ తగ్గుతూ ఉంటాయి, హద్దు దాటినప్పుడు వేలు కదులుతుంది, హద్దు దాటినవే సగటు కడితే ఫైసలా ఎప్పుడో అయిపోయినట్టు తోస్తుంది అని వాళ్ల దలీల్.

నాకు ఇదే సబబనిపిస్తుంది. బహస్ మాత్రం తెగలేదు. కదపాలనుకుని కదపని క్షణానికి టేపు మీద గుర్తే లేదాయె, ఎక్కడి నుంచి వెనక్కి తిప్పాలి?