రోహిణి కార్తెలో మంచు మీద

2014 మే 24 రాత్రి. టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కేవాళ్ళ ఆఖరి మజిలీ అది, 8,300 మీటర్ల ఎత్తు. రాళ్ళ వాలు మీద గుడారాలు. ఆ గుడారాల్లోనే ఇద్దరు తెలుగు పిల్లలు బట్టలు తొడుక్కుంటున్నారు.

ఒకడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఖమ్మం జిల్లా చర్ల మండలం కలివేరు వాడు. తండ్రి సైకిళ్ళు బాగుచేసి ఇల్లు నడిపేవాడు. ఇంకొకరు నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు నిండడానికి ఇంకా రెండు వారాలకు పైగా ఉంది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుతున్నారు.

తెల్లవారితే మే 25. మన పంచాంగం ప్రకారం రోళ్ళు పగిలే రోహిణి కార్తె మొదలయ్యేది ఏటా ఆ రోజుల్లోనే. భద్రాచలం, కొత్తగూడెం, చర్ల వైపు ఆ కార్తె అంటే ఏమిటో వేరే చెప్పాలా? పొద్దున తొమ్మిదింటికే తలకి తువ్వాల చుట్టాలి, మధ్యాహ్నానికి గోదావరి ఇసుకలో కాలు పెట్టలేం. ఆ మన్యంలో పుట్టినవాడు అదే కార్తె వేళకి కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు తొడుక్కుంటున్నాడు.

ఆ రాత్రి గుడారంలో వాళ్ళేం మాట్లాడుకున్నారో కల్పించి రాయడం నాకిష్టం లేదు. ఏం తొడుక్కోవాలో మాత్రం కల్పించనక్కర్లేదు, ఆ ఎత్తులో అది ఎవరికైనా ఒక్కటే వరుస. ముందు ఒంటికి అతుక్కుని ఉండే పల్చని థర్మల్. దాని పని వెచ్చదనం ఇవ్వడం కన్నా చెమటను ఒంటి మీద నిలవనీయకపోవడం. దాని మీద ఉన్ని లాంటి ఫ్లీస్. అన్నిటికీ పైన బాతు ఈకల నూగు కూరిన డౌన్ సూట్, మెడ నుంచి మడమ దాకా ఒకటే తొడుగు, గాలి చొరని గుడ్డతో కుట్టింది. చేతులకు పల్చని గ్లవుజులు, వాటి మీద మందపువి. బూట్లు కూడా బూటులో బూటు.

ఇన్నిట్లో ఏ ఒక్కటీ వేడి పుట్టించదు. వేడంతా మనిషి ఒంట్లోదే. ఒక పొరకీ ఇంకో పొరకీ నడుమ చిక్కిన గాలి కదలకుండా ఆగుతుంది, ఆగిన గాలి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. కొనుక్కున్నది గుడ్డే అయినా చలి ఆపేది ఆ గాలే. డిసెంబరు, జనవరి పొద్దుల్లో మన ఏజెన్సీ ఊళ్ళలో ఇగం పెడితే జనం చేసేదీ ఇదే: చొక్కా మీద చొక్కా, దాని మీద స్వెట్టర్, పైన దుప్పటి, చెవులకు మఫ్లర్. ఒక్క మందపాటి చొక్కా కంటే రెండు పల్చని చొక్కాలు నయమని వాళ్ళకి ఏ మాస్టారూ చెప్పలేదు. పక్కన చలిమంట ఒకటి ఉంటుంది, అంతే తేడా.

మంట లేని చోటికి వెళ్ళడం ఆనంద్ మెట్టు మెట్టుగా నేర్చుకున్నాడు. గురుకులాల సొసైటీ అప్పటి కార్యదర్శి, ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పిల్లలకు కొండలెక్కడం నేర్పించాలనుకున్నారు. శిక్షణ బాధ్యత పర్వతారోహకుడు బి. శేఖర్ బాబుది. భువనగిరి గుట్ట మీద నూటికి పైగా పిల్లలతో మొదలైంది. అక్కడ చలి ఊసే లేదు, కాలే బండే. వాళ్ళలోంచి కొందరు డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారు. అక్కడ నెగ్గినవాళ్ళలో కొందరినే చలికాలంలో లద్దాఖ్ పంపారు. సున్నాకు దిగువన 35 డిగ్రీల దాకా పడిపోయే చలి. చివరికి మిగిలింది ఇద్దరు.

ఎండదేశం పిల్లలకు లద్దాఖ్ లాంటి చోట ఒంటబట్టని పాఠం ఒకటుంటుంది. చలేస్తే తొడుక్కోవాలి, అది అందరికీ తెలుసు. చెమట పట్టకముందే విప్పాలి, ఇదే మింగుడుపడదు. నిలబడి వణుకుతున్నవాడు ఉన్నవన్నీ తొడుక్కుని నడక మొదలెడతాడు, పావుగంటకు లోపల తడిసిపోతాడు. నీళ్ళు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తాయి. వాడు ఆగిన క్షణం నుంచి ఆ తడి పొరే వాణ్ని గడ్డకట్టిస్తుంది. అందుకే కాస్త చలేస్తుండగానే బయల్దేరాలి, దమ్ము పెరిగేకొద్దీ జిప్పు దించాలి, ఆగితే మళ్ళీ పైకి లాగాలి. మనం ఏడాది పొడుగునా కట్టుకునే నూలు బట్ట ఇక్కడ పనికిరాదు. చెమట పీల్చుకుంటుంది, వదలదు. ఎండలో అదే దాని గొప్ప, మంచులో అదే ముప్పు. ఈక నూగు కూడా తడిస్తే ఉండలు కట్టి చప్పబడిపోతుంది.

వాళ్ళు కొండ మీద ఉండగానే, ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది షెర్పాలు, కొండ కూలీలు చనిపోయారు. వచ్చేస్తారా అన్న మాట వచ్చింది. పిల్లలు వెనక్కి తగ్గలేదు. వాళ్ళెక్కుతున్నది టిబెట్ వైపు. అక్కడ నేపాల్ వైపు లాంటి విరిగిపడే మంచు జలపాతం లేదు గానీ గాలి ఎక్కువ, చలి ఎక్కువ, ఆఖరి శిబిరం దాటాక రాతి గట్టు మీద చాలాసేపు నడవాలి.

ఆ గట్టు మీద రాత్రంతా షెర్పాల వెంట, తల దీపం వెలుగులో, ఆక్సిజన్ ముసుగులతో. 8,000 మీటర్ల పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడో వంతే. ఊపిరి చాలనప్పుడు ఒళ్ళు కావలసినంత వేడి పుట్టించుకోలేదు. ఉన్న వేడిని గుండెకీ మెదడుకీ దాచుకుని వేళ్ళను వదిలేస్తుంది. మంచుకాటు ముందు వేళ్ళకూ ముక్కుకూ తగిలేది అందుకే. బూటు బిగించి కట్టినా ప్రమాదమే, నెత్తురు ఆడదు, పొరల నడుమ గాలి ఉండదు. దారిలో మంచులో గడ్డకట్టిన శవాలు చూశానని పూర్ణ తర్వాత చెప్పింది. వాళ్ళూ మంచి సూట్లు వేసుకుని వచ్చినవాళ్ళే.

ఉదయం ఆరింటి వేళకు శిఖరం. 8,848 మీటర్లు. బయల్దేరి 52 రోజులు. జాతీయ జెండాతో పాటు అంబేడ్కర్ బొమ్మ, ఎస్.ఆర్. శంకరన్ గారి బొమ్మ బయటికి తీశారు. పేదల ఐఏఎస్ అధికారిగా పేరుపడ్డ శంకరన్‌కు గురుకుల పిల్లలు ఇంతకన్నా ఎత్తున దండ వేయలేరు. ఫొటో కోసమని ఒక్క నిమిషం గ్లవుజు తీసి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఆ కొండ మీద తక్కువేమీ కాదు. ఈ ఇద్దరూ క్షేమంగా దిగారు.

ఎక్కిన రోజుకి వాళ్ళది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఎనిమిదో రోజున, జూన్ 2న, తెలంగాణ ఏర్పడింది. ప్రపంచంలో ఎవరెస్ట్ ఎక్కిన అతి చిన్న వయసు అమ్మాయిగా పూర్ణ పేరు మారుమోగింది. 2017లో రాహుల్ బోస్ ఆమె పేరుతోనే సినిమా తీశాడు. 2022లో అలాస్కాలోని డెనాలీతో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. అంతా ఆమెకు దక్కాల్సిందే. కానీ అదే రాత్రి, అదే గట్టు మీద, అన్నే పొరలు తొడుక్కుని నడిచిన చర్ల కుర్రాడి గురించి మన పత్రికలు రాసింది తక్కువ. చర్ల 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్ళింది. ఆనంద్ కోసం వెతికేవాళ్ళు మాత్రం 2014 నాటి పేపర్లలో ఖమ్మం జిల్లా వార్తలే తిరగేయాలి.