డార్క్ మోడ్‌లో పసుపు ధర కనిపించడం లేదా? తప్పు మీ ఫోన్‌ది కాకపోవచ్చు

మీరు హైదరాబాద్‌లో ఉంటున్నారు, మీ నాన్న ఆర్మూర్ దగ్గరి ఊళ్లో పసుపు పండిస్తారు అనుకుందాం. మార్చి నెల. ఉడకబెట్టి ఆరబెట్టిన పసుపు కళ్లంలో కుప్పగా ఉంది. పొద్దున్నే ఫోన్ వస్తుంది: ''కొమ్ముకు ఇయ్యాల ఎంత పలుకుతుందో జర చూడు బిడ్డా.'' మీరు ధరల పేజీ తెరుస్తారు. మార్కెట్ పేరు ఉంది, సరుకు పేరు ఉంది. ధర ఉండాల్సిన గడి మాత్రం తెల్లగా ఉంది. ''ఇంకా ఎక్కించలేదు నాన్నా'' అని చెప్పేస్తారు. నిజానికి ధర అక్కడే ఉంది, తెల్ల గడిలో తెల్ల అంకెలతో.

మీ ఫోన్ డార్క్ మోడ్‌లో ఉండి, పేజీ తయారు చేసినవాళ్లు దాన్ని ఆ మోడ్‌లో ఒక్కసారి కూడా చూడకపోతే ఇలా జరగొచ్చు.

ఆర్మూర్ ప్రాంత రైతుకు దగ్గర్లోని పెద్ద పసుపు మార్కెట్ నిజామాబాద్ యార్డు, సుమారు 25 కిలోమీటర్లు. బస్తాలు ఇవాళ బండికెక్కించాలా, నాలుగు రోజులు ఆగాలా అన్నది ధరను బట్టే ఉంటుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే. ధర అంటే అక్కడ అంత పట్టింపు. 2016 ఏప్రిల్ 14న కేంద్రం ఈ-నామ్ ప్రారంభించినప్పుడు తొలి 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. ధరలు ఫోన్‌లోకి వచ్చిన తర్వాత, ఆ పేజీ చదవడానికి వీలుగా ఉండటం కూడా మార్కెట్ సేవలో భాగమే కదా.

పేజీ ఒకటే, రూపాలు అనేకం

మీరు ఏ వెబ్‌సైట్ తెరిచినా దాని డిజైన్ కోడ్, అంటే సీఎస్ఎస్, మీ బ్రౌజర్ ద్వారా కొన్ని విషయాలు తెలుసుకుంటుంది. తెర వెడల్పు ఎంత? డార్క్ మోడ్ ఆన్‌లో ఉందా? కదిలే బొమ్మలు వద్దని సెట్టింగ్స్‌లో పెట్టుకున్నారా? ఎక్కువ కాంట్రాస్ట్ కావాలన్నారా? వీటినే మీడియా ఫీచర్లు అంటారు. చూపించేది తెర మీదా, ప్రింట్ కాగితం మీదా అన్నదీ తెలుస్తుంది. జవాబును బట్టి పేజీ తన రూపం మార్చుకుంటుంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 వచ్చిన 2019లో డార్క్ మోడ్ ఫోన్ మొత్తానికి వర్తించే సెట్టింగ్ అయింది. అప్పటి నుంచి ఈ సమస్య కూడా పెరిగింది.

తెల్ల గడిలో తెల్ల అంకెలు ఎలా వస్తాయి? డిజైనర్ గడికి తెల్ల రంగు ఖాయం చేశారు, అంకెల రంగు మాత్రం చెప్పకుండా బ్రౌజర్‌కు వదిలేశారు. పేజీ 'నేను డార్క్‌కు సిద్ధం' అని ప్రకటించగానే బ్రౌజర్ అక్షరాలను తెల్లగా మార్చేస్తుంది. గడి మాత్రం మారదు. పేజీని ధరల పట్టిక, ఓటీపీ పెట్టె, బటన్ వంటి విడి ముక్కలతో, అంటే వెబ్ కాంపోనెంట్లతో కట్టినప్పుడు ఇంకో చిక్కు ఉంది. వీటిలో చాలావాటికి 'షాడో డామ్' అనే కంచె ఉంటుంది. బయటి పేజీలో రాసిన డిజైన్ నియమాలు నేరుగా లోపలికి వెళ్లవు. అందుకే ముక్కను విడిగా కూడా పరీక్షించాలి. ఒక్క పట్టికలో లోపం ఉంటే, దాన్ని వాడుకున్న ప్రతి పేజీలోనూ అదే కనిపిస్తుంది.

పసుపు రంగునే తీసుకోండి. వెబ్‌లో వాడే ఒక ముదురు పసుపుతో నల్లటి తెరపై అంకెలు రాస్తే కాంట్రాస్ట్ దాదాపు 14:1. భేషుగ్గా కనిపిస్తుంది. అదే రంగు తెల్ల తెరపై 1.5:1కి పడిపోతుంది. మామూలు సైజు అక్షరాలకు అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ ఏఏ స్థాయిలో అడిగేది కనీసం 4.5:1. మధ్యాహ్నం ఎండలో, యార్డు ఆవరణలో నిలబడి చూసేవారికి ఆ అంకెలు ఎలా కనిపిస్తాయో ఊహించుకోవచ్చు.

ఎలా పరీక్షిస్తారు?

దీనికి పది ఫోన్లు కొనక్కర్లేదు. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లోని 'రెండరింగ్' విభాగంలో డార్క్ మోడ్, తక్కువ కదలిక, ప్రింట్ రూపాలను ఒక్కొక్కటిగా అనుకరించి చూడొచ్చు. ప్లేరైట్ వంటి ఉచిత సాధనాలైతే ఆ పని తామే చేసి ఫొటోలు తీస్తాయి. రెండు రంగుల మోడ్లు, కదలిక ఉన్నా లేకున్నా, మూడు తెర వెడల్పులు కలిపితే ఒక్క కాంపోనెంట్‌కే 12 ఫొటోలు. బాగున్నవాటిని నమూనాగా దాచి, కోడ్ మారిన ప్రతిసారీ కొత్త ఫొటోలతో పిక్సెల్ పిక్సెల్ పోల్చుతారు. తేడా వస్తే మనిషి చూసి తేల్చాలి. నమూనాలోనే తప్పుంటే యంత్రం దాన్ని ఒప్పుగానే అనుకుంటుంది, ఆ సంగతి మరవకూడదు.

ఇంగ్లిష్ అక్షరాలతో మాత్రమే పరీక్షిస్తే మన భాషకు సరిపోదు. వరుసల మధ్య ఖాళీ తక్కువైతే తెలుగులో ముందు తెగేది ఒత్తులే. 'క్వింటాల్' అన్న మాటలో కింది 'వ' ఒత్తు సగం మాయమవడం టెస్టింగ్ నివేదికలో ఎవరూ రాయరు, తెలుగు చదవగలిగినవారు చూస్తే తప్ప.

ప్రింట్‌ను ఎక్కువమంది మరిచిపోతారు. బ్రౌజర్లు సాధారణంగా వెనక రంగులను ప్రింట్ చేయవు. దరఖాస్తు ఆమోదం పొందితే ఆకుపచ్చ పెట్టె, తిరస్కరిస్తే ఎర్ర పెట్టె అని రంగుతో మాత్రమే చూపించే పేజీని కాగితంపై తీస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఇక సర్కారీ పేజీలకు ఇష్టమైన పరుగెత్తే ప్రకటనలు.. ఐదు సెకన్లకు మించి వాటంతటవే కదిలే సమాచారాన్ని ఆపుకునే వీలుండాలన్నది డబ్ల్యూసీఏజీ నియమం. కదలిక చూస్తే తల తిరిగేవారు నిజంగానే ఉన్నారు.

మీరేం చేయొచ్చు?

ధర గడి ఖాళీగా కనిపిస్తే ముందు డార్క్ మోడ్ ఆపి పేజీని మళ్లీ లోడ్ చేయండి. అంకెలు వచ్చాయంటే లోపం రంగుల్లోనే ఉంది. ఒకసారి వేరే బ్రౌజర్‌లోనూ చూడండి. కొన్ని బ్రౌజర్లు సైట్ అడగకపోయినా రంగులను బలవంతంగా మారుస్తాయి. అలాంటప్పుడు వెబ్‌సైట్‌ను తిట్టి లాభం లేదు. ప్రింట్ ప్రివ్యూ చూడటానికి ప్రింటర్ అక్కర్లేదు, 'పీడీఎఫ్‌గా సేవ్' ఎంచుకుంటే చాలు.

డార్క్ మోడ్ ఇవ్వాలని ఏ నిబంధనా ప్రభుత్వ సైట్లను బలవంతపెట్టడం లేదు. కానీ ఇచ్చాక అక్షరాలు చదవడానికి వీలుగా ఉండాల్సిందే. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2023లో తెచ్చిన జీఐజీడబ్ల్యూ 3.0 మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ 2.1 ఏఏ స్థాయిని కోరుతున్నాయి. దివ్యాంగుల హక్కుల చట్టం-2016లోని 42వ సెక్షన్ డిజిటల్ సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది.

ఫిర్యాదు చేసేటప్పుడు 'సైట్ పనిచేయడం లేదు' అని రాస్తే పని జరగదు. పేజీ చిరునామా, ఫోన్ మోడల్, బ్రౌజర్ పేరు, డార్క్ మోడ్ ఆన్‌లో ఒకటి, ఆఫ్‌లో ఒకటి చొప్పున రెండు స్క్రీన్‌షాట్లు జతచేయండి. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కనిపిస్తుంటే చెరిపేయండి. కేంద్ర పోర్టళ్లపై సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఈ-నామ్ విషయమైతే టోల్ ఫ్రీ నంబర్ 1800 270 0224. రాష్ట్ర శాఖల సైట్లయితే ముందు ఆ పేజీ అడుగున ఉండే 'సంప్రదించండి' లింకులో చూడండి. ఈలోగా నాన్నకు ధర చెప్పాలంటే లైట్ మోడ్‌లో చూసి చెప్పండి.