బీరు కాచేవారింటి సంగీతం

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినపుడు, బీరు గురించి వ్రాస్తానంటే ఆయన కొంచెం తటపటాయించారు. సభ్యులు అపార్థం చేసుకోవద్దని మనవి. నా జీవితంలో రుచి చూసినవి వ్రేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని గ్లాసులే. వాటిలో ఒకటి క్రిందటి సంవత్సరం ప్రాగ్ నగరంలో. మ్యూనిచ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి నాలుగు రోజులు సెలవు పెట్టి నన్ను అక్కడికి తీసుకువెళ్ళాడు.

అది పెద్ద కంపెనీ సరుకు కాదు. సందులో ఒక చిన్న హోటలు, వెనుక గదిలో రాగి బానలు. అక్కడే కాచి అక్కడే పోస్తారు. దానిని లాగర్ అంటారు. జర్మన్ భాషలో ఆ మాటకు నిల్వ అని అర్థం. పులిసిన తరువాత చల్లని నేలమాళిగలలో వారాల తరబడి ఉంచి తేటపరుస్తారు గనుక ఆ పేరు వచ్చింది. గ్లాసు మీద గుమ్మపాల నురుగులాగా మూడు వ్రేళ్ళ మందాన నురుగు. మొదటి గుక్కలో, మొలకెత్తించి వేయించిన రాగుల వాసన వంటి తియ్యదనం (అక్కడ వాడేది బార్లీ). అది జారిన తరువాత నాలుక వెనుక మెల్లగా చేదు. మన మెంతుల చేదులాగా పట్టుకుని కూర్చోదు. ఇంకొక గుక్క అడిగి వెళ్ళిపోతుంది. అది హాప్స్ పూల వలన వచ్చే చేదు.

అప్పుడు నాకు 'వ్ల్తావా' జ్ఞాపకం వచ్చింది. ఉద్యోగపు రోజులలో, రాత్రిపూట షార్ట్‌వేవ్ రేడియోలో విన్న సంగీతం. రెండు ఫ్లూట్లు ఊటల వలె సన్నగా మొదలవుతాయి. క్లారినెట్లు వచ్చి కలుస్తాయి. ఆ పైన వయొలిన్లు ఎత్తుకునే సరికి అది నది అయిపోతుంది. ఆ సంగతి చెబితే, "నది బయటే కనబడుతోంది కదా నాన్నా, అందుకే" అన్నాడు మా అబ్బాయి. కావచ్చు. కాని ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగవేస్తే ఆ బీరుకు, ఆ పాటకు ఉన్న చుట్టరికం నది కంటె దగ్గరిదని తేలింది.

వ్ల్తావా రచించిన బెద్రిహ్ స్మెతానా 1824 మార్చి 2న బొహీమియాలోని లితోమిష్ల్ పట్టణంలో పుట్టాడు. తండ్రి ఫ్రాంతిషెక్ వృత్తి బీరు కాచడం. కోట ప్రక్కన ఉన్న బీరు కర్మాగారంలోనే వారి కాపురం. ఆ తండ్రే మంచి వయొలిన్ వాద్యకుడు కూడా. అంటే పిల్లవానికి ఉడుకుతున్న బార్లీ వాసన, వయొలిన్ నాదం ఒకే ఇంట్లో దొరికాయి. (స్మెతానా అంటే చెక్ భాషలో మీగడ. ఆ నురుగు చూసిన తరువాత ఈ విషయం చదివి నవ్వుకున్నాను.)

1840లో అతనిని చదువుకు పిల్‌జెన్ పంపారు. ఆ ఊరికి అప్పట్లో బీరు పరంగా మంచి పేరు లేదు. 1838లో చెడిపోయిన బీరు 36 పీపాలు పురమందిరం ఎదుట పారబోయవలసివచ్చింది. పరువు పోయిన ఊరిపెద్దలు కొత్త కర్మాగారం కట్టించి, బవేరియా నుండి యోసెఫ్ గ్రోల్ అనే పనివానిని రప్పించారు. ఆ ఊరి నీటిలో లవణాలు బహు తక్కువ. దానికి లేతగా ఆరబెట్టిన బార్లీ మాల్టు, జాతెత్స్ ప్రాంతపు హాప్స్, బవేరియా పద్ధతిలో చల్లగా పులియబెట్టడం కలిశాయి. 1842 అక్టోబరు 5న గ్రోల్ కాచిన మొదటి బీరు నల్లగా గాక బంగారు రంగులో తేటగా దిగింది. ఈనాడు ప్రపంచంలో ఎక్కువమంది తాగే లేతరంగు లాగర్లన్నిటికి అదే మూలపురుషుడు. ఆ రోజున బీరువారి అబ్బాయి స్మెతానా, 18 ఏళ్ళ విద్యార్థిగా, ఆ ఊళ్ళోనే ఉన్నాడు. చదువుకన్నా ఇళ్ళలో పియానో వాయించడం, పోల్కా నాట్యాలకు వరుసలు కట్టడం మీదనే అతనికి ధ్యాస.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1866 మే 30న అతని 'బార్టర్డ్ బ్రైడ్' ఆడింది. దాని రెండవ అంకం సారాయి దుకాణంలో బీరును పొగిడే బృందగానంతోనే మొదలవుతుంది. హీరో ప్రేమ గొప్పదంటాడు, పెళ్ళిళ్ళ పేరయ్య డబ్బు గొప్పదంటాడు, ఊరివారు మాత్రం బీరే అంటారు. యుద్ధం ముంచుకొస్తున్న రోజులవడం వలన మొదటి ప్రదర్శనకు జనం సరిగా రాలేదు. 1882లో అదే నాటకం వందవ ప్రదర్శన జరుపుకొన్నది.

మన సభ్యులు చదవవలసినది ఇక్కడి నుంచి. 1874 అక్టోబరులో స్మెతానాకు రెండు చెవులూ పూర్తిగా వినబడకుండా పోయాయి. వయస్సు 50. ప్రాగ్ నాటకశాలలో సంగీత నిర్వాహకుని ఉద్యోగం పోయింది. తన నాటకాలు ఆడుకునే హక్కు వారికిచ్చినందుకు ఏడాదికి 1,200 గుల్డెన్ల పింఛను ఏర్పాటయింది. ఏమీ వినబడని ఆ నవంబరు 20 నుండి డిసెంబరు 8 లోపల వ్రాసినదే వ్ల్తావా. 1876లో యాబ్కెనిత్సే గ్రామంలో కూతురింటికి చేరాడు. అల్లుడు అటవీశాఖ ఉద్యోగి. ఆ పల్లెలో, పింఛను మీద, 'నా జీవితం నుండి' అనే క్వార్టెట్ వ్రాశాడు. నాలుగు వాద్యాలతో వాయించే రచన అది. రెండవ భాగం పోల్కా, అంటే అతని కుర్రతనం. చివరి భాగం సందడిగా సాగుతూ సాగుతూ ఒక్కసారిగా ఆగుతుంది. మొదటి వయొలిన్ మీద సన్నని హెచ్చుస్థాయి స్వరం ఒకటి సూదిలా దిగి నిలబడిపోతుంది. చెవుడు రాకముందు తన చెవిలో మోగిన మోత అది.

నాకు మూడేళ్ళుగా ఎడమ చెవిలో కీచురాయి అరుపు ఉన్నది. కుడి చెవికి మిషను పెట్టించుకున్నాను గాని, ఈ అరుపు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎలా ఉంటుందో చెప్పడానికి మాటలు లేవు. మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినపుడు ఆ క్వార్టెట్ పెట్టమన్నాను. ఆ స్వరం వచ్చినపుడు, "నాకు ఇదేరా, పగలూ రాత్రీ" అన్నాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి, పోల్కా ఉన్న చోటికి వెనక్కు తిప్పి మళ్ళీ పెట్టాడు.